దారి అడగని త్రాసీవులోస్ కెప్టెన్

నలభై ఏళ్ళ కొలువులో తాను ఒక్కసారి కూడా దారి తప్పలేదని త్రాసీవులోస్ కెప్టెన్ అంటూ ఉంటాడు. ఆ మాట చెవిన పడగానే ఆయన భార్య పాగోనా చేతిలో ఉన్నది కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంటుంది.

"కోరింథ్ పెళ్ళి సంగతి చెప్పమంటావా?"

ఆ సంగతి మా పెరామా రేవు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పాగోనా పినతల్లి కూతురి పెళ్ళికని ఇద్దరూ కారులో కోరింథ్ బయలుదేరారు. దారిలో ఎవర్నీ అడగనని కెప్టెన్ భీష్మించాడు. చివరికి వేరే దిక్కునున్న థీవా ఊళ్ళో తేలారు. అక్కడా ఏదో పెళ్ళి జరుగుతోంది. కెప్టెన్ కారు ఆపి, తిన్నగా లోపలికి నడిచి, పెళ్ళికూతురి తండ్రిని కౌగిలించుకుని, కడుపునిండా భోంచేసి, నాట్యం చేసి, తెచ్చిన వెండి పళ్ళెం ఆ పిల్లకే ఇచ్చి వచ్చేశాడు.

"పెళ్ళి బాగా జరిగిందా లేదా?" అని ఇప్పటికీ దబాయిస్తాడు. "పిల్ల ఎవరి పిల్లయితేనేం?"

ఆయన టగ్గు కెప్టెన్. అంటే పెద్ద పెద్ద ఓడలకు తాడు కట్టి, వాటిని రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవకు యజమాని లాంటివాడు. పొగమంచులో, గాలివానలో, తన పడవ ముక్కు కూడా కనబడని చీకట్లో ఎన్నో ఓడల్ని ఒడ్డుకు చేర్చాడు. అది అబద్ధం కాదు. అయితే నేల మీద కాలు పెట్టగానే ఆ తెలివి ఎటు పోయేదో పోయేది. బంగారు లంగరు బిళ్ళ ఉన్న నల్ల టోపీని మాత్రం రిటైరయ్యాక కూడా తీయలేదు. వాళ్ళ ఇంటి కిందే నా కాఫీ కొట్టు. పొద్దున్నే దిగి రావడం, కిటికీ పక్కన కూర్చోవడం, రేవులోకి వచ్చే ప్రతి ఓడకూ వంకలు పెట్టడం ఆయన దినచర్య. ఈ కథ నాకు ఆయన ఒకలా చెప్పాడు, పాగోనా పిన్ని ఒకలా చెప్పింది. రెండూ కలిపి నేను చెబుతున్నాను.

కిందటేడు ఇటలీలోని జెనోవా నుంచి గాస్పరే ఫోను చేశాడు. ఆయనా టగ్గు నడిపినవాడే, కెప్టెన్‌కు పాత స్నేహితుడు. డెబ్బయ్యో పడిలో పడబోతూ మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని, మీరు రాకపోతే తాళం వేసుకుని ఇంట్లో కూర్చుంటానని చెప్పాడు.

"ఈ వయసులో పెళ్ళా! ఆ పెళ్ళికూతురి ధైర్యం చూడటానికైనా వెళ్ళాలి," అంది పాగోనా.

"ఓడలో వెళ్దాం," అన్నాడు కెప్టెన్.

"నేను స్నానాల తొట్టిలో కూర్చున్నా వాంతి చేసుకునేదాన్ని. విమానమే."

అలా కెప్టెన్ జీవితంలో మొదటిసారి విమానం టికెట్టు కొన్నాడు.

విమానాశ్రయంలో తొలి గొడవ జున్ను దగ్గర వచ్చింది. గాస్పరేకి ఇష్టమని పాగోనా ఒక పెద్ద జాడీ నిండా ఉప్పునీటిలో ఊరిన మేకపాల జున్ను తెచ్చింది. తనిఖీ దగ్గర కూర్చున్న అమ్మాయి దాన్ని పక్కన పెట్టింది.

"నీళ్ళు లోపలికి తీసుకెళ్ళకూడదండీ."

"నీళ్ళెక్కడివి? అది జున్నుకి ఇల్లు," అన్నాడు కెప్టెన్. "చేపని ఒడ్డున పడేసి చేప బాగుందంటావా?"

వెనక వరుసలో జనం సణగడం మొదలుపెట్టారు. ఆ పిల్ల వాళ్ళ వంకా, కెప్టెన్ మీసాల వంకా చూసి నిట్టూర్చింది.

"నీళ్ళు పారబోయండి బాబాయ్ గారూ. జున్ను ఉంచుకోండి. నేనేం చూడలేదు."

జాడీ అక్కడే వదిలేశారు. కెప్టెన్ జున్ను ముక్కల్ని తువ్వాలులో మూటగట్టి కోటు లోపలి జేబులో దోపుకున్నాడు. కాసేపటికే ఆ మూట నుంచి ఉప్పునీరు చుక్కలు చుక్కలుగా ప్యాంటు మీదికి దిగింది. దానితో పాటు వాసన కూడా.

అక్కడి నుంచి లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా మూడు దారులు. పైన గేట్ల నంబర్లు చూపించే పెద్ద తెర. పాగోనా దాని కింద నిలబడి, కళ్ళజోడు కోసం సంచీ వెతుకుతోంది.

"దాన్ని చూడకు," అన్నాడు కెప్టెన్. "అందులో అంకెలు మాటిమాటికీ మారిపోతున్నాయి. మారిపోయే గుర్తుని నమ్మి ఎవడైనా ఓడ నడుపుతాడా? ఇందాక సామాను తీసుకున్న పిల్ల బి-పదకొండు అంది. అంతే."

"సరే, అది ఎటో ఆ యూనిఫాం అబ్బాయిని అడుగుతా."

"అడగడం దేనికి? గాలి ఇటు నుంచి కొడుతోంది. అంటే తలుపులు ఇటున్నాయి. తలుపులుంటే విమానాలుంటాయి."

"అది ఏసీ గాలయ్యా!"

"గాలి గాలే."

పాగోనాకు ఒళ్ళు మండింది. "అయితే నువ్వు గాలి పట్టుకుని పో. నేను నోరు పెట్టుకుని వస్తా. ఎవరు ముందు చేరతారో చూద్దాం."

"గేటు దగ్గర కాఫీ తాగుతూ ఉంటాలే. నువ్వు ఊరంతా అడుక్కుంటూ రా," అని కెప్టెన్ టోపీ సర్దుకుని ఎడమకు తిరిగాడు. పాగోనా కుడికి తిరిగింది.

సరిగ్గా అప్పుడే తనిఖీలోంచి ఆడవాళ్ళ గుంపు ఒకటి బయటపడింది. కార్పెనీసి కొండల్లో ఒక చిన్న ఊరి పాటల బృందం వాళ్ళది. పదిమందికి పైగా ఉన్నారు, అందరూ అరవై దాటినవాళ్ళే. నల్ల రుమాళ్ళు, ఎదకి పసుపు రిబ్బన్లు. వియన్నాలో పాడటానికి పిలుపు వచ్చింది. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన చర్చి పూజారి మెడలోని పెద్ద శిలువ చూసి యంత్రం కూతపెట్టింది. ఆయన్ని పక్కకు నిలబెట్టి జేబులు తడుముతున్నారు. "మీరు నడుస్తూ ఉండండమ్మా, వచ్చేస్తా," అన్నాడాయన. ఎటు నడవాలో మాత్రం చెప్పలేదు.

వాళ్ళలో పెద్ద అసిమీనా. గొంతూ పెద్దదే. ఆమె కళ్ళు కెప్టెన్ టోపీ మీద పడ్డాయి.

"అదిగో పైలట్ గారు!" అంది. "ఆయన్ని వదలకండే. ఆయన ఎక్కకుండా విమానం ఎక్కడికీ పోదు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందరూ సంచులు భుజాన వేసుకుని కెప్టెన్ వెనక పడ్డారు.

కెప్టెన్ కాసేపటికి వెనక అలికిడి విన్నాడు. తిరిగి చూస్తే వరసగా పసుపు రిబ్బన్లు. ఆయనకు ఆశ్చర్యం వేయలేదు. సరైన దారిలో నడిచేవాడి వెనక జనం నడవడం సహజమేనని అనుకున్నాడట. తల ఊపాడు. వాళ్ళూ తల ఊపారు. ఆయన ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది.

సముద్రంలో గుర్తులు పెట్టుకున్నట్టే ఇక్కడా గుర్తులు పెట్టుకున్నాడు. బెంచీ మీద వెల్లకిలా పడి నిద్రపోతున్న లావుపాటి మనిషి ఒకడు, ముఖం మీద నారింజ రంగు టోపీ. "నారింజ టోపీకి కుడివైపు," అని మనసులో రాసుకున్నాడు. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆ మనిషి కాఫీ కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. దానితో కుడి ఎడమైంది. రెండో చుట్టులో అతను పుస్తకాల కొట్టులో తేలాడు. కెప్టెన్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఉన్నచోట ఉండలేవూ?"

ఆ మనిషికి మన గ్రీకు భాష రాదు. తన నారింజ టోపీ తీసి కెప్టెన్ చేతిలో పెట్టాడు, అదే అడుగుతున్నాడేమో అనుకుని.

దారిలో ఒక సెంట్ల కొట్టు ఉంది. నాజూగ్గా తయారైన అమ్మాయి వచ్చేపోయేవాళ్ళ మీద గులాబీ సెంటు చల్లుతోంది. మొదటిసారి వాళ్ళు వెళ్ళినప్పుడు నవ్వుతూ చల్లింది. రెండోసారి కూడా చల్లింది. మూడోసారి కెప్టెన్, వెనక ఊరేగింపు మళ్ళీ కనబడేసరికి సీసా ఖాళీ అయిందని చేతులెత్తేసింది. అప్పటికి ఆ గుంపంతా గులాబీలూ, ఉప్పు జున్నూ కలిసి వాసన వేస్తోంది.

తరవాత కదిలే నడవా వచ్చింది. మనుషుల్ని నిలబెట్టి మోసుకుపోయే పట్టీ అది. పక్కపక్కన రెండున్నాయి, ఒకటి వెళ్ళేది, ఒకటి వచ్చేది. కెప్టెన్ వచ్చేదాని మీద కాలు పెట్టాడు. అది వెనక్కి తోసింది.

"ఎదురు ప్రవాహం," అన్నాడు గంభీరంగా. "ఆగకూడదు. సమానంగా నడవాలి."

వెనక అందరూ ఎక్కారు. చేతులు ఊపుకుంటూ, శ్వాస తీస్తూ, దీక్షగా నడిచారు. అందరూ ఉన్నచోటే ఉన్నారు. పక్క పట్టీ మీద జనం వెనక నుంచి వచ్చి, వాళ్ళను తేరిపార చూసి, దాటిపోతున్నారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

"గోడ మీద ఆ గడియారం బొమ్మ ఎంతసేపటి నుంచి పక్కనే ఉందే," అంది వెనక నుంచి వసీలో అనే ముసలమ్మ.

"నోరు మూసుకుని నడు. పైలట్ గారికి తెలీదా?" అని కసిరింది అసిమీనా.

ఎలాగో ఆ పట్టీ దిగి, వచ్చిన చోటికే వచ్చి, మరో మలుపు తిరిగారు. అక్కడ ఖాళీగా ఉన్న మూల ఒకటి, పెద్ద అద్దం, అవతల విమానాలు. కెప్టెన్ కాళ్ళు లాగుతున్నాయి. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "ఇక్కడ లంగరు వేద్దాం," అన్నాడు.

కూర్చున్నాక మూట విప్పాడు. జున్ను వాసనకు ఆడవాళ్ళు సంచులు విప్పారు. రొట్టెలు, ఆకుకూర పిండివంటలు, ఆలివ్ కాయలు, ఉడకబెట్టిన గుడ్లు, ఉల్లిపాయలు బయటికొచ్చాయి. ఒకామె రుమాలు పరిచింది. మరొకామె చిన్న చాకు కోసం వెతికి, అది తనిఖీలో తీసేసుకున్నారని గుర్తొచ్చి వాళ్ళ వంశాన్ని శపించింది. తిన్నారు. తింటూ ఆయన తాను కెప్టెన్‌నని చెప్పుకున్నాడు. కడుపు నిండాక పాట అందుకున్నారు. గొర్రెల మంద దారి తప్పిన పాట. అటుగా పోయేవాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు.

పాట నడుమ పైన స్పీకరు గొంతు సవరించుకుంది. వియన్నా వెళ్ళే ప్రయాణికులకు ఇదే ఆఖరి పిలుపు అంది.

"ఎవర్నో పిలుస్తున్నారు పాపం," అంది అసిమీనా గుడ్డు పెంకు తీస్తూ. "విమానం ఎక్కాల్సినవాళ్ళు ఇంత ఒళ్ళు మరిచి ఉంటారా!"

"బుద్ధి ఉండాలి," అన్నాడు కెప్టెన్.

అసిమీనా గుడ్డు తిని చేతులు తుడుచుకుంది. "ఇంక మనం బయల్దేరదామా కెప్టెన్ గారూ?"

"ఎక్కడికి?"

"వియన్నాకి."

"నేను జెనోవా వెళ్తున్నానమ్మా."

అసిమీనా ఒక క్షణం ఆలోచించింది. "సరేలెండి. మమ్మల్ని దారిలో దింపేస్తారా?"

"నేను దింపడమేంటి?"

"నడిపేది మీరే కదా."

"ఏం నడిపేది?"

"విమానం!"

"విమానమా? తల్లీ, నేను విమానం ఎక్కడమే ఇవాళ మొదటిసారి."

నవ్వుకునేంత తీరిక ఎవరికీ లేకపోయింది. వసీలో నోట్లో జున్ను ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఆమె అలాగే శిలువ గుర్తు వేసుకుంది.

"మరి ఈ టోపీ?" అంది అసిమీనా.

"టగ్గుది."

"మరి ముందు ఎందుకు నడిచారు?"

"మీరు వెనక ఎందుకు నడిచారు?"

ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. ఊరంతా డప్పులు కొట్టి సాగనంపారట, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తిరిగి వెళ్ళాలి అని. ఆ ఏడుపు కెప్టెన్‌కు గుచ్చుకుంది. ఆ రోజు వరకు తనవల్ల ఏ ఓడా ఒడ్డు చేరకుండా ఉండిపోలేదు. ఆయన లేచి, పక్కనే పత్రికలు అమ్మే కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

అక్కడ కూర్చున్న పిల్ల తలెత్తింది. కెప్టెన్ నోరు తెరిచాడు. మూసి, మీసం దువ్వుకున్నాడు. చివరికి అన్నాడు.

"వియన్నా గేటు ఎక్కడో నీకు తెలుసా? నాకు తెలుసనుకో. నీకు తెలుసో లేదో చూద్దామని."

"నాకూ తెలుసు," అంది ఆ పిల్ల, మళ్ళీ పత్రికలోకి తల దూర్చి.

కెప్టెన్ వెనక్కి చూశాడు. పసుపు రిబ్బన్లన్నీ ఆయన వైపే చూస్తున్నాయి. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, దారి తప్పాను. వీళ్ళనీ తప్పించాను. కాస్త చెప్పు తల్లీ."

ఆ పిల్ల వెంటనే లేచి కౌంటరు ఇవతలికి వచ్చింది. చెయ్యి చాపి చూపించింది. ఏటవాలు దారి దిగి, పొడుగ్గా నేల కింద నడిచి, మళ్ళీ ఎక్కితే చివర. చాలా దూరం. ఈ ముసలి కాళ్ళతో పరుగెత్తితే అందుతారో లేదో అని ఆమెకే అనుమానం.

ఈ లోపల పాగోనా ఏం చేసిందో చెప్పాలి. ఆమె మొదట కనిపించిన యూనిఫాం అబ్బాయిని అడిగింది. జెనోవా గేటు మారిందని అతను చెప్పాడు. తొందరపడకుండా కాఫీ తాగి, సెంట్ల కొట్టు అమ్మాయితో కబుర్లాడి, గేటు చేరి, వరసలో నిలబడింది. అందరూ ఎక్కుతున్నారు, మొగుడు మాత్రం రాలేదు. పక్కనుంచి పోతున్న చిన్న బ్యాటరీ బండిని ఆపింది. నడవలేనివాళ్ళను ఎక్కించుకుపోయే బండి అది. నడిపేవాడి పేరు ఇయోర్దానిస్. రెండు నిమిషాల్లో అతని అత్తగారిది పాగోనా పుట్టిన ఊరని తేలిపోయింది. ఇక బండి ఆమెదే.

"జున్ను కంపు కొట్టే టోపీ ముసలాయన ఎటు పోయాడమ్మా?" అని దారిపొడుగునా అడుగుతూ వచ్చింది. చూడనివాళ్ళు ఒక్కరూ లేరు. "మాటిమాటికీ ఇటే వస్తున్నాడు," అన్నారు చాలామంది. చివరి మలుపులో పాట వినబడటం ఆగిపోయి ఏడుపు వినబడింది.

"ఏమయ్యా! ఇక్కడ సంత పెట్టావా?" అంది బండి దిగుతూనే.

"తరవాత తిట్టు," అన్నాడు కెప్టెన్. "ముందు ఈ తల్లుల్ని వియన్నా ఎక్కించాలి. దారి కనుక్కున్నా."

పాగోనా తిట్టడం మరిచిపోయింది. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళను బండిలోకి తోసింది. మిగతావాళ్ళు వెనక. ఇయోర్దానిస్ హారన్ నొక్కితే చిలక కూత లాంటి చప్పుడు వచ్చింది. ఎవరూ జరగలేదు.

"పాడండే!" అంది అసిమీనా.

పాడారు. కొండ ఊళ్ళలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు వాళ్ళను పిలిచే గొంతులవి. జనం గోడలకు అతుక్కుపోయారు. ముందు కెప్టెన్, టోపీ చేత్తో ఊపుతూ, "ఎడమకి! నిదానం! వెనక తోక జాగ్రత్త!" అని అరుస్తూ, ఇరుకు రేవులోకి భారీ ఓడను లాగినట్టు ఆ గుంపును లాక్కుపోయాడు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకర్ని "ఇటేనా అమ్మా? ఇటేనా నాయనా?" అని అడిగాడు. ఆ మాట నోటికి అలవాటు పడుతుంటే పెదాలు వింతగా అనిపించాయని నాకు చెప్పాడు.

వియన్నా గేటు దగ్గర పూజారి తలుపుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. "వస్తున్నారు, వచ్చేశారు, దేవుడి మీద ఒట్టు," అని అక్కడి ఉద్యోగిని బతిమాలుతున్నాడు. పాట వినగానే అక్కడే కూలబడ్డాడు. అందరూ ఎక్కారు. చివరగా అసిమీనా వెనక్కి తిరిగింది.

"మీరు నడుపుతారనుకుని ఇంతసేపూ గుండె దిటవుగా ఉంది కెప్టెన్ గారూ. ఇప్పుడు నడిపేవాడు ఎలాంటివాడో ఏమో," అని దిగులుగా లోపలికి వెళ్ళిపోయింది.

జెనోవా విమానం అప్పటికే వెళ్ళిపోయింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"నేను ఎక్కి కూర్చునేదాన్ని," అంది పాగోనా. "కిటికీ సీటు."

"అడిగాను," అన్నాడు కెప్టెన్.

"ఏం అడిగావు?"

"దారి."

పాగోనా మెల్లగా ఆయన వైపు తిరిగింది. "ఎవర్ని?"

"పత్రికల పిల్లని. టోపీ తీసి అడిగా."

"చెప్పిందా?"

"చెప్పింది. మర్యాదగా లేచి వచ్చి మరీ చెప్పింది."

"మరేమనుకున్నావు, కరుస్తారనుకున్నావా?" అంది పాగోనా. అని, ఆయన కోటు జేబులోంచి మిగిలిన జున్ను ముక్క తీసి, సగం ఆయనకిచ్చి సగం తను తింది.

మర్నాటి విమానానికి వెళ్ళారు. గాస్పరే పెళ్ళి అందింది. ఆ పెళ్ళికూతురు గాస్పరే కన్నా రెండింతలు మాట్లాడుతుందనీ, వాడికి తగిన శాస్తి జరిగిందనీ పాగోనా సంతోషంగా చెప్పింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. జెనోవా నుంచి వచ్చాక మా కెప్టెన్ కొత్త మనిషయ్యాడు. కనిపించినవాడినల్లా దారి అడుగుతున్నాడు. తెలిసిన దారులూ అడుగుతున్నాడు. అడిగితే ఎవరూ పొమ్మనరట, పైగా కబుర్లు చెబుతారట, ఈ సుఖం ఇన్నేళ్ళూ పోగొట్టుకున్నానని బాధపడుతున్నాడు.

మొన్న పాగోనా పిన్ని నా కొట్టులోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఒరే అనెస్తిస్, పొద్దున్న రొట్టె తెమ్మని పంపించానురా. మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో ఎవరో ఇచ్చిన తులసి మొక్క, ఒక సీసాడు నారింజ మురబ్బా. రొట్టె లేదు."

"రొట్టెల కొట్టు ఎక్కడో తెలీదా పిన్నీ?"

"ముప్పై ఏళ్ళుగా అక్కడే కొంటున్నాడు! నలుగురిని అడిగాడట. నలుగురూ నాలుగు కొట్లు చెప్పారట. వాళ్ళ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక నాలుగింటికీ వెళ్ళాడట. అన్నిచోట్లా కూర్చోబెట్టి మాట్లాడారట." రుమాలుతో విసురుకుంది. "మునుపు దారి తప్పినా వేళకి ఇంటికొచ్చేవాడురా."

ఆ మాట పూర్తవకుండానే తలుపు తోసుకుని కెప్టెన్ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, పోస్టాఫీసుకి ఎటు వెళ్ళాలిరా?"

పోస్టాఫీసు నా కొట్టు గోడకు ఆనుకునే ఉంది. పిన్ని నా వైపు గుడ్లురిమి చూసింది, చెప్పావంటే చంపుతా అన్నట్టు.

"కూర్చో బాబాయ్," అన్నాను. "చెప్పడానికి కొంచెం టైం పడుతుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీ లాక్కున్నాడు.